స్టార్ల చార్ట్ పెట్టి ఇరుక్కుపోయాను, ఏం చెయ్యమంటారు?

కంచరపాలెం టీచర్:
వైజాగ్ హార్బర్‌కి దగ్గర్లో ఒక స్కూల్లో ఏడో తరగతి క్లాస్ టీచర్‌ని. నలభై రెండు మంది పిల్లలు. తిట్టీ తిట్టీ నాకే విసుగొచ్చి జూలైలో గోడకి చార్ట్ తగిలించాను. మంచి పని చేస్తే పేరు పక్కన బంగారు రంగు స్టార్. స్టిక్కర్లు నా డబ్బుతోనే, పూర్ణా మార్కెట్లో కొన్నాను. రెండు వారాలు పండగే. భోజనం దగ్గర లైను కట్టడం, కంచాలు కడిగాక కుళాయి కట్టెయ్యడం, అన్నీ చెప్పకుండానే చేశారు.

ఆ తర్వాత మొదలైంది. కింద పడ్డ పెన్ను తీసిచ్చి "టీచర్, స్టార్?" అని చెయ్యి చాపుతున్నారు. నిన్న ఒకడు కావాలని పెన్ను పడేశాడు, వాడి స్నేహితుడు తీసిచ్చాడు, ఇద్దరూ కలిసి స్టార్ కోసం వచ్చారు! ముందు బెంచీ అమ్మాయిలకి ఇరవయ్యేసి ఉన్నాయి. వెనక బెంచీలో ఒకడికి (గుంటడు మంచోడే, రోజూ లేటు) మూడంటే మూడు. మొన్న వాడు తన పేరుని బ్లేడుతో గీకేశాడు. చార్ట్ తీసేస్తే వీళ్ళు ఏడుస్తారు, ఉంచితే వాడు చేజారిపోతాడు.

గోపాలపట్నం రిటైర్డ్ హెచ్ఎం:
అమ్మా, మీరేం పాపం చెయ్యలేదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. తర్వాత ఊరికే స్కెచ్ పెన్నులు ముందు పెడితే, ఆ పిల్లలే తక్కువ గీశారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి అందుకున్న వాళ్ళలో ఆ తగ్గుదల లేదు. మీ పెన్నుల వ్యాపారం కూడా ఇదే.

2009 విద్యా హక్కు చట్టం కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చార్ట్‌ని చట్టం పట్టుకోకపోవచ్చు గానీ, మూడు స్టార్ల వాడికి అది రోజూ తగిలే దెబ్బే.

మధురవాడ లెక్కల మాస్టారు:
మేడమ్, నేను పేర్లు తీసేసి హార్లిక్స్ సీసా పెట్టాను. ఎవరు మంచి పని చేసినా ఒక చింతపిక్క. నిండితే క్లాసంతటికీ ఒక పీరియడ్ ఖోఖో. ఒక్కటే జాగ్రత్త: అల్లరి చేశారని పిక్కలు తియ్యొద్దు. నేను ఒకసారి ఒకడి అల్లరికి నాలుగు తీశాను. ఇంటర్వెల్‌లో ఆ పిల్లాణ్ణి అందరూ గోడకి చేర్చి నిలదీశారు. ఆ తప్పు నాదే.

జెట్టీ కుర్రాడు:
టీచర్ గారూ, ఆ రోజూ లేటొచ్చే వాడి దగ్గర చేపల వాసన వస్తుందా? జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఇక బోట్లు వచ్చిన పొద్దున్నల్లా చేపల వేలంపాట దగ్గర అమ్మలకి గంపలు ఎత్తించాలి. నేనూ అలా లేటుగా వచ్చిన వాణ్ణే. మా మాస్టారు ఒకరోజు "ఐసు గంప ఎంత బరువుంటుందిరా?" అని అడిగారు. తిట్టనేలేదు. మర్నాటి నుంచి భోజనానికి ఎంతమందో లెక్కేసి వంటమ్మకి చెప్పే పని నాకిచ్చారు. ఆ లెక్క ఒక్కరోజు తప్పలేదు. స్టార్లు గీర్లు లేవండీ.

కంచరపాలెం టీచర్:
అడిగాను. గంపలే. పైగా చెల్లెల్ని అంగన్‌వాడీలో దింపి వస్తాడట. ఇన్నాళ్ళూ నాకు తెలీదు, సిగ్గేసింది. భోజనాల లెక్క వాడికే ఇచ్చాను. మొదటిరోజు నన్ను కూడా కలిపేసి నలభై మూడు అన్నాడు, వంటమ్మ నవ్వింది.

మాస్టారూ, సీసా పెట్టాను, పిక్కలు పిల్లలే తెచ్చారు. శనివారం చార్ట్ దించి ఎవరి వరస వాళ్ళకి కత్తిరించి ఇచ్చాను. ఇరవై స్టార్ల అమ్మాయి నోట్‌బుక్ అట్టకి అంటించుకుంది. వాడు మాత్రం "నాది వద్దు టీచర్" అన్నాడు. ఆ గీకేసిన ముక్క నా హాజరు పట్టీలో ఉంది.