ఏడు నిమిషాలకే చతికిలబడే ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్: ప్యాడ్ మార్చాలా, డ్రైవ్ మార్చాలా?

ముంబై బ్రాడ్‌కాస్ట్ ఇండియా షోలో ఓ స్టాల్ దగ్గర నలుగురం ఎడిటర్లం ముచ్చటపడి చూసిన థండర్‌బోల్ట్ 3 ఎన్‌క్లోజర్ ఇది (వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌ను లోపల పెట్టి, థండర్‌బోల్ట్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించే బయటి డబ్బా). అక్కడ గంటసేపు ఆడినా తడబడలేదు (ఆ ఏసీ చలికి ఏది తడబడుతుంది లెండి!). హైదరాబాద్‌లో మా ఎడిట్ రూమ్‌లో 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (ఎడిటింగ్‌కి వాడే భారీ వీడియో ఫార్మాట్), సెకనుకు 25 ఫ్రేములు, నాలుగు కెమెరాల మల్టీక్యామ్ (నాలుగు వీడియోలూ ఒకేసారి ఆడే ఎడిట్) పెడితే మొదట సెకనుకు 2,600 ఎంబీ చదువుతుంది. ఏడో నిమిషానికల్లా 280కి పడిపోతుంది. నాకు కావాల్సింది దాదాపు 370, అందుకే ఫ్రేములు ఎగిరిపోతున్నాయి. అప్పటికి డబ్బా మీద చెయ్యి ఆనించలేం.

2 టీబీ డ్రైవ్, సగం ఖాళీయే. కేబుల్, పోర్టు మార్చాను, మళ్లీ ఫార్మాట్ చేశాను, లాభం లేదు. టేబుల్ ఫ్యాన్ పెడితే మాత్రం 20 నిమిషాలు లాగింది.

డ్రైవ్ వేడిని డబ్బాకి చేరవేసే లోపలి థర్మల్ ప్యాడ్ మందంది వేస్తే సరిపోతుందా, లేక తక్కువ వేడెక్కే డ్రైవే కొనాలా?