దె నోబిలి జంధ్యం: సంస్కృతిని గౌరవించడమా, కులాన్ని ఒప్పుకోవడమా?

కృష్ణాతీరం:
ఇటలీ నుంచి వచ్చిన యేసు సభ (జెస్యూట్) గురువు రోబెర్తో దె నోబిలి 1606లో మధురై చేరి, కావి కట్టి, చందనం పూసుకుని, జంధ్యం వేసుకుని, ఒంటిపూట శాకాహార భోజనంతో సన్న్యాసిలా జీవించారు. తమిళ తెలుగు భాషలతో పాటు శివధర్మ అనే పండితుని దగ్గర సంస్కృతమూ నేర్చుకున్నారు. ఇటీవల మన సభ్యులొకరు ఆయనను "కులానికి తిలకం దిద్దిన గురువు" అని ఎత్తిపొడిచారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. క్రైస్తవుడు కాని అరిస్టాటిల్ తర్కాన్ని పదమూడవ శతాబ్దపు పండిత గురువు తోమాసు అక్వినాసు క్రైస్తవ వేదాంతంలోకి తెచ్చినప్పుడూ ఇలాంటి గగ్గోలే పుట్టింది. 1277లో పారిస్ పీఠాధిపతి (బిషప్) ఖండించిన ప్రతిపాదనలలో తోమాసు బోధకు దగ్గరివి కూడా ఉన్నాయి. అయినా 1323లో శ్రీసభ (కతోలిక చర్చి) ఆయనను పునీతునిగా ప్రకటించింది. గ్రీకుల తత్త్వం పనికివచ్చినప్పుడు మన ఆచారం ఎందుకు పనికిరాదు?

నల్లరేగడి:
అరిస్టాటిల్ గ్రంథాన్ని చదివినందువల్ల పారిస్‌లో ఎవరూ గుడి గుమ్మం బయట నిలబడవలసి రాలేదు. దె నోబిలి వచ్చేనాటికే మధురైలో గొన్సాలో ఫెర్నాండెజ్ అనే గురువు ఒక గుడి నడుపుతూ, తీరప్రాంతపు పరవ కులస్థులైన విశ్వాసులకు సేవ చేస్తున్నారు. ఒకే సభకు చెందిన గురువై ఉండి కూడా దె నోబిలి ఆ గుడికి దూరంగా వేరే నివాసం కట్టుకుని, బ్రాహ్మణ వంటవానిని పెట్టుకుని, తన దగ్గర జ్ఞానస్నానం పొందినవారిని ఫెర్నాండెజ్ గుడితో కలవనివ్వలేదు. ఫెర్నాండెజ్ పైవారికి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును అసూయగా కొట్టిపారేయడం మన చరిత్రకారులకు అలవాటైపోయింది.

లాటిన్ విద్యార్థి:
ముందు జంధ్యం సంగతి తేలనివ్వండి. ఆయన వేసుకున్నది ఐదు పోగులది, దానికి సిలువ వేలాడేది. మూడు పోగులు త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ), రెండు క్రీస్తు దేహాత్మలకు గుర్తులని ఆయనే వివరించారు. కొంతకాలానికి దాన్నీ తీసేశారు. 1619లో గోవాలో జరిగిన గురువుల సమావేశంలో ఎక్కువమంది ఈ పద్ధతులను వ్యతిరేకించినా, 1623 జనవరి 31న పదిహేనవ గ్రెగోరి పోపు మూఢాచారానికి తావివ్వరాదనే షరతులతో జంధ్యం, పిలక, చందనం, స్నానాలు అనుమతించారు. తీర్పు వచ్చేసిన విషయం ఇది.

పొరుగూరు:
పోగుల లెక్కతో కులం లెక్క తేలుతుందా అండీ?

కృష్ణాతీరం:
నల్లరేగడి గారు సగమే చెబుతున్నారు. 1640 ప్రాంతంలో ఇదే మధురై మిషనులో బ్రాహ్మణేతర సన్న్యాసుల వేషంలో ఉండే పండారస్వాములనే గురువులు ఏర్పడి కింది కులాలవారి మధ్య బహిరంగంగా పనిచేశారు. అంటే వారిని వదిలేయలేదు. ఆనాటి సమాజంలో అగ్రకులస్థుడు కులం పోగొట్టుకుంటే ఇల్లు, భార్య, భూమి అన్నీ పోయేవి. ఆ భయంతోనే వారు "పరంగుల (పోర్చుగీసుల) మతం" అని దూరం జరిగారు. ఆ గోడను పగలగొట్టడానికి ఇంకే దారి ఉండేదో మీరే చెప్పండి.

నల్లరేగడి:
మీరు సాక్ష్యంగా చూపిన పండారస్వామే నా సాక్ష్యం. ఒక్క క్రీస్తు బల్లకు రెండు రకాల గురువులు ఎందుకు కావలసి వచ్చారు? 1704లో పాండిచ్చేరిలో పోపు ప్రతినిధి టూర్నన్ జారీచేసిన 16 అంశాల ఆజ్ఞ చదవండి. జ్ఞానస్నానంలో ఉమ్మి తాకించే విధిని, అది మైల అనుకునేవారి కోసం, విడిచిపెట్టడం గురించి ఒక అంశం. రోగంతో పడి ఉన్న, అంటరానివారుగా చూడబడిన పరయ కులస్థుల ఇళ్లకు గురువులు వెళ్లకపోవడం గురించి మరొకటి. మీరు సంస్కృతి అంటున్నది చావుబతుకుల్లో ఉన్నవాని గడప తొక్కని మడి.

ఇదంతా పాతకథ అనకండి. మా విచారణలోని (మా చర్చి పరిధిలోని) సమాధుల తోటలో నడుమ గోడ ఉంది. మా తాతగారి శవపేటికను ముందు గేటు దాటించి, పొలం గట్టు మీదుగా, వానకు జారుతున్న మట్టిలో తిప్పి వెనుక వైపు నుంచి తీసుకువెళ్లాము. ఆ ఉదయం దివ్యపూజాబలిలో ఒకే సత్ప్రసాదం అందరమూ స్వీకరించాము!

లాటిన్ విద్యార్థి:
ఆ 1623 పత్రంలోనే మరొక మాట ఉంది, దాన్ని ఇద్దరూ ఎత్తలేదు. గొప్ప పుట్టుకను చూసి గర్వించేవారు దీనులను తక్కువ చేయరాదని, ముఖ్యంగా గుడిలో వాక్యం వినడానికీ సంస్కారాలు పొందడానికీ విడిగా కూర్చోరాదని పోపు బతిమాలారు. బతిమాలడం, షరతు పెట్టడం ఒకటి కాదు. జంధ్యానికి షరతు పెట్టినవారు దీనికి పెట్టలేదు. ఈ తేడాను మీరు ఎవరి వాదనకు వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కృష్ణాతీరం:
గోడ తప్పు. దాన్ని నేను సమర్థించలేదు. కానీ నా మీద కోపాన్ని దె నోబిలి మీద తీర్చుకోకండి. మా నాన్నగారు జ్ఞానస్నానం పొందిన రోజు నుంచి మా పెదనాన్నలు పెళ్లికీ చావుకీ పిలవడం మానేశారు. చర్చికి వెళ్లేవారంతా సొంత పేరూ సొంత ఊరూ వదిలేసుకున్నవారని చూస్తారు. కన్నవారిని వదులుకోకుండానే క్రీస్తును నమ్మవచ్చని చెప్పిన మొదటి మనిషి ఆయన. నాకు ఆ మనిషి కావాలి.

నల్లరేగడి:
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది. మీకు బంధువుల మధ్య చోటు పోకూడదు, మాకు విశ్వాసుల మధ్య చోటు దొరకాలి. మీ కోరిక తీరడానికి అయిన ఖర్చు మా పద్దులో రాశారన్నదే నా మాట. 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పోపు టూర్నన్ ఆజ్ఞలను ఖాయపరిచి, పరయ రోగుల ఇళ్లకు వెళ్లి తీరాలని పట్టుపట్టినప్పుడు కూడా మిషను వెతికిన ఉపాయం ఆ కులస్థులకు ప్రత్యేకంగా కొందరు గురువులను కేటాయించడమే. వెళ్లని గురువు వెళ్లేలా చేయడం ఎవరికీ తోచలేదు. అక్కడ దె నోబిలి లేరు, ఆయన 1656లోనే చనిపోయారు. కాబట్టి ఆయన వ్యక్తిత్వం మీద నాకు తగవు లేదు. ఆయన వేసిన బాట నూరేళ్ల తరువాత ఎక్కడికి చేరిందో దాని మీద మీ సమాధానం రాయండి, జంధ్యం మీద కాదు.