పుట్టిన బిడ్డను రాత్రిపూట నర్సరీకి ఇమ్మని అడగడం తప్పా?

తొమ్మిదో రోజు తల్లి:
సిజేరియన్ అయి తొమ్మిది రోజులైంది. ఇంటికి వచ్చేశాం, పాప బాగానే ఉంది. ఆసుపత్రిలో రెండో రాత్రి మాత్రం నా మనసులోంచి పోవడం లేదు. మొదటి రోజంతా నిద్రపోయిన పాప ఆ రాత్రి పదింటికి ఏడుపు అందుకుంది. కాసేపు పాలు తాగడం, వదిలేయడం, తొట్టెలో పడుకోబెట్టగానే మళ్లీ గుక్కపట్టడం. కుట్లతో నేను పక్కకు ఒత్తిగిలాలంటే మంచం కమ్మీ పట్టుకుని ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. రాత్రి వార్డులో మా వారిని ఉండనివ్వలేదు. రెండున్నరకు గంట నొక్కి, ఒక్క రెండు గంటలు పాపను నర్సరీలో, అంటే పసిపిల్లలను విడిగా చూసుకునే గదిలో, ఉంచుతారా అని నర్సును అడిగాను. "తల్లీబిడ్డలు కలిసే ఉండాలమ్మా, ఇక్కడి పద్ధతి అదే" అని, తొట్టెను నా మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిపి వెళ్లిపోయింది. కునుకు పడితే పాప చేతుల్లోంచి జారుతుందేమోనని లైటు వేసుకుని, గోడ గడియారం చూస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాను. అలా అడగడమే నా తప్పా? మొహమాటం లేకుండా చెప్పండి.

రాత్రి డ్యూటీ నర్సు:
అడగడం తప్పు కాదమ్మా. అయినా కలిపి ఉంచాలనే పద్ధతినే నేను సమర్థిస్తాను. ప్రసూతి వార్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో తల్లిపాలకు సంబంధించి పది సూత్రాలు ప్రకటించాయి. తల్లీబిడ్డలను రాత్రీపగలూ ఒకే చోట ఉంచాలన్నది వాటిలో ఒకటి. 2018లో సవరించినప్పుడూ దాన్ని తీసేయలేదు. బిడ్డకు ఆకలేస్తే వెంటనే ఏడవదు. ముందు తల అటూ ఇటూ తిప్పుతుంది, నోరు తెరుస్తుంది, పిడికిలి చప్పరిస్తుంది. పక్కనున్న తల్లికి ఇవి కనిపిస్తాయి. పది తొట్టెలున్న నర్సరీలో ఏడిస్తే తప్ప ఎవరూ ఎత్తుకోరు. అంతగా ఏడ్చిన బిడ్డ రొమ్ము సరిగా పట్టుకోదు కూడా.

మీ రెండో రాత్రి చాలామంది తల్లులకు ఎదురయ్యేదే. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది చెంచాడు ముర్రుపాలు, మహా అయితే రెండు చెంచాలు. రెండో రోజు నుంచి పదేపదే అడుగుతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. మూడో రోజుకో నాలుగో రోజుకో తల్లికి పాలు పడతాయి, అలా తాగుతూ ఉంటే అవి బాగా వస్తాయి. ఇంకో మాట. నర్సరీకి ఇచ్చిన తల్లులు ఎక్కువ సేపు నిద్రపోతారన్నది మనం అనుకునేదే. 1988లో, 1991లో వచ్చిన చిన్న అధ్యయనాల్లో రెండు రకాల తల్లుల నిద్రకూ పెద్ద తేడా కనిపించలేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
నర్సు గారి మాటే నాదీ. మొదటి కాన్పులో నేనే అడిగి నర్సరీకి ఇచ్చాను. తెల్లవారి తెచ్చి ఇచ్చినప్పుడు బాబు పెదవి చివర తెల్లగా ఎండిన చార ఉంది. రాత్రి రెండుసార్లు డబ్బాపాలు పట్టామని చల్లగా చెప్పారు. ఒక్కమాట కూడా నన్ను అడగలేదు. ఆ పూటంతా వాడు రొమ్ము పట్టలేదు, నా రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. రెండో కాన్పులో తొట్టెను కదలనివ్వలేదు.

మగబిడ్డ తండ్రి:
మీ ఇద్దరి మీదా గౌరవం ఉంది. అయితే నేను కళ్లారా చూసింది వేరు. మూడో రోజు తెల్లవారుజామున తలుపు తీసేసరికి నా భార్య కూర్చున్నచోటే నిద్రలోకి ఒరిగి ఉంది. బాబు ఆమె ఒడిలోంచి జారి, దిండుకూ మంచం కమ్మీకీ మధ్య ముఖం కిందికి పెట్టి పడి ఉన్నాడు. ఎత్తగానే ఏడ్చాడు, బతికిపోయాం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదికలో ఈ ప్రమాదం గురించే హెచ్చరించింది: అలసిపోయిన తల్లి చేతుల్లోంచి బిడ్డలు జారిపడటం, ముక్కూ నోరూ మూసుకుపోయి ఊపిరాడకపోవడం. కలిపి ఉంచితే సరిపోదని, సిబ్బంది తరచూ వచ్చి చూసుకుంటూ ఉండాలని చెప్పింది. తొట్టెను దగ్గరికి జరిపి వెళ్లిపోతే అది ఏ సూత్రం పాటించినట్టు? అధ్యయనాల సగటు నిద్ర సంగతి నాకు తెలియదు. ముప్ఫై గంటలు నొప్పులు పడి, ఆపై ఆపరేషన్ కూడా అయిన మనిషిని సగటులో కలపకండి.

మందులు వాడే తల్లి:
నాకు బైపోలార్ ఉంది, మనసు విపరీతమైన ఉద్రేకానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు. నాలాంటివాళ్లకు కాన్పు తర్వాత మొదటి రెండు వారాలు ఎంతో ప్రమాదకరం. మనసు ఉన్నట్టుండి అదుపు తప్పవచ్చు. నిద్ర లేకపోవడం దానికి నిప్పు అంటించినట్టే. అందుకే ప్రసవానికి ముందే మా మానసిక వైద్యురాలు, ప్రసూతి వైద్యురాలు మాట్లాడుకుని, రాత్రికి ఐదు గంటల నిద్ర తప్పనిసరి అని కేస్ షీటులో రాయించారు. ఆ గంటల్లో పాపను వేరేవాళ్లు చూసుకున్నారు, పాలు పట్టారు. దాన్ని ఎవరైనా స్వార్థమంటే నేను ఊరుకోను. ఆ నిద్ర నాకు వైద్యం. ఏ జబ్బూ లేని తల్లి కూడా "నావల్ల కావడం లేదు" అంటే, ముందు కూర్చుని ఆమె మాట వినాలి.

రాత్రి డ్యూటీ నర్సు:
వింటున్నాను. మగబిడ్డ తండ్రి గారూ, మీరు చెప్పిన దృశ్యం చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. పద్ధతి మంచిదేనని ఇప్పటికీ అంటాను. దాన్ని అమలు చేయడానికి రాత్రిపూట మనుషులు ఉండరు, అసలు చిక్కు అక్కడే ఉంది. నర్సరీ మూసేసిన చోట ఆ సిబ్బందిని వార్డుకు పంపాలి. చాలాచోట్ల నర్సరీ పోయింది, మనుషులూ పోయారు. ఆ రాత్రి మీకు దక్కాల్సింది ఇదమ్మా: పాప తాగాక ఒక నర్సు ఎత్తుకుని రెండు గంటలు చూసుకోవడం, ఆకలి కనబడగానే మిమ్మల్ని లేపడం, మీరు ఒప్పుకోకుండా డబ్బాపాలు పట్టకపోవడం. ఇంతలో మీ పాలు ఎండిపోవు. నేనైతే తీసుకెళ్లేదాన్ని.

తొమ్మిదో రోజు తల్లి:
చివరి మాట రెండుసార్లు చదువుకున్నాను. పాప పుట్టినప్పుడు 3,100 గ్రాములు, మూడో రోజు 2,850. ఆ ఎనిమిది శాతం తగ్గడం చూసి, నేను అడిగినందుకే ఇలా అయిందని పిచ్చిగా ఏడ్చాను. పుట్టినప్పటి బరువులో ఏడు నుంచి పది శాతం దాకా తగ్గడం మామూలేనని డాక్టరు గారు తర్వాత చెప్పారు. ఈ రోజు 3,060 ఉంది. ఆసుపత్రికి ఉత్తరం రాస్తున్నాను. తల్లికి తోడుగా రాత్రి ఒకరిని ఉండనివ్వండి, ఆపరేషన్ అయిన తల్లుల దగ్గరికి గంటకోసారి వచ్చి చూడండి అని. ఇంకేమైనా రాయాలా?

రాత్రి డ్యూటీ నర్సు:
తొట్టె సంగతి రాయండి. కుట్లున్న తల్లి మంచం దిగకుండా బిడ్డను అందుకునేలా, మంచానికే తగిలించే పక్క తొట్టెలు ఉన్నాయి. దగ్గరికి జరిపిన ఆ తొట్టెలోంచి ఆ రాత్రి మీరు పాపను ఎన్నిసార్లు ఎత్తారో, ఎలా ఎత్తారో, అది కూడా రాయండి.