కొడాక్ పడిపోయి ఫూజీఫిల్మ్ ఎలా నిలబడింది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్నాను, కెమెరాల్లో వేసే ఫిల్ము రీళ్లు తయారు చేసే కొడాక్ కంపెనీ మీద వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి, ఒక దగ్గర ఆగిపోయి చాలా టెన్షన్‌గా ఉంది.

ఎవరిని అడిగినా "డిజిటల్ వస్తోందని వాళ్లు గమనించలేదు" అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 1975లో డిజిటల్ కెమెరా తయారు చేసింది వాళ్ల ఇంజినీరు స్టీవెన్ సాసనే కదా, ఒక్క నలుపు తెలుపు ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో ముందున్నదీ వాళ్లే. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేశారు.

నాకు తోచిందేమిటంటే, లాభమంతా రీలు, పేపరు, కెమికల్స్‌లో ఉండేది, కెమెరాలో కాదు. మా నాన్న స్టూడియోలోనూ అంతే, కెమెరా ఒకసారి కొన్నారు, రీళ్లు మాత్రం పెళ్లిళ్ల సీజన్ అంతా కొంటూనే ఉండేవారు. డిజిటల్‌లో ఆ మళ్లీ మళ్లీ కొనడమే పోయింది.

ఫూజీఫిల్మ్‌కీ అదే కష్టం వచ్చింది. కానీ వాళ్లు ఎల్‌సీడీ తెరల్లో వాడే ఫిల్ముల వైపు, మందుల వైపు, 2007లో ఆస్టాలిఫ్ట్ పేరుతో ఫేస్ క్రీముల వైపు కూడా వెళ్లారు.

కెమికల్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి: రీలు మీద కెమికల్స్ కోటింగ్ (పూత) వేసే యంత్రాలను వేరే పనికి మార్చడం ఎంత కష్టం? కొడాక్ తన కెమికల్ విభాగాన్ని 1994లోనే విడదీసింది, దానివల్లే ఫూజీఫిల్మ్ వెళ్లిన దారి వాళ్లకు మూసుకుపోయిందా? రెండు లైన్లు రాసినా నాకు చాలా సాయం.