"కొంచెం కదిలినా చాలు" అని జనానికి చెప్పడం మంచిదేనా?

ఉదయరేఖ:
ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే ప్రచారం. లిఫ్ట్ మానేసి మెట్లెక్కండి, ఫోన్ మాట్లాడుతూ నడవండి, అంతే చాలట. నాకు నచ్చడం లేదు. వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనమేమో రెండంతస్తులు ఎక్కేసి ఇవాల్టి కోటా అయిపోయిందనుకుంటాం. లక్ష్యం దించిన కొద్దీ జనం ఇంకా కిందే ఆగిపోతారు.

బద్ధకిష్టు:
నా పేరు చూసి నవ్వుకోకండి, మీరు చెప్పే జనం నాలాంటివాళ్లే. ఆ 150 నిమిషాలు చెప్పిన సంస్థే 2020లో ఒక పాత షరతు ఎత్తేసింది. 2010 సూచనల ప్రకారం ఒక విడత కనీసం 10 నిమిషాలుంటేనే లెక్కలోకి వచ్చేది. ఇప్పుడు రెండు నిమిషాలైనా లెక్కే.

2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన తైవాన్ అధ్యయనం నాలుగు లక్షల మందికి పైగా చూసింది. రోజుకు ఓ పావుగంట వ్యాయామం చేసేవాళ్లలో, దాదాపు ఏమీ చేయనివాళ్లకంటే మరణాలు 14 శాతం తక్కువ. సున్నా దగ్గరున్నవాడికి మొదటి పావుగంటే పెద్ద లాభం. రోజుకు పదివేల అడుగులు నడవాలంటారా, అది 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరుకు పెట్టిన పేరు. డాక్టర్లు తేల్చిన అంకె కాదు. ఆ అంకె చూసి హడలిపోయి నేను రెండేళ్లు చెప్పుల జోలికే పోలేదు!

గళ్లచొక్కా:
ఇలాంటి పోలికలతో కాస్త జాగ్రత్తండీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ కదులుతుండొచ్చు కదా? 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెరీ మోరిస్ బృందం లండన్ బస్సుల్లో చూసింది. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే, కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. తర్వాత 1956లో ఆయనే యూనిఫాం కొలతలు చూస్తే, కుర్ర డ్రైవర్ల నడుము కూడా కండక్టర్లకంటే పెద్దదే. తేడా కొంత ముందే ఉందన్నమాట.

అయినా నాకు అందులో నచ్చింది ఇంకోటి. మెట్లెక్కమని కండక్టర్లను ఎవరూ బతిమాలలేదు. వాళ్ల పనే వాళ్లను ఎక్కించింది.

ఉదయరేఖ:
నేను ఫిజియోథెరపిస్టుని. "ఇంట్లో తిరుగుతూనే ఉంటానమ్మా" అంటూ వస్తారు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవమంటే లేవలేరు. తిరగడం వేరు, కండరానికి బలం వేరు. వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం అని అవే సూచనల్లో ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తరే?

బద్ధకిష్టు:
అది ఒప్పుకుంటాను. కానీ మీరు చూసేది ఒక్కొక్కరిని. ముప్పు బాగా ఎక్కువున్న కొద్దిమంది కంటే, కాస్తే ఉన్న లక్షలమంది నుంచే మొత్తం మీద ఎక్కువ జబ్బులు రావచ్చని జనారోగ్య పరిశోధకుడు జెఫ్రీ రోజ్ 1985లోనే రాశారు. ఆ లక్షలమందిని జిమ్‌కి పంపగలమా? తలా కాస్త కదిలించగలం.

ఉదయరేఖ:
సరే, ఆ ప్రచారం పోస్టర్ మీద ఇంకో వాక్యం వేయండి, "ఇది అలవాటయ్యాక ఇంకో పది నిమిషాలు" అని. అప్పుడు నాకు పేచీ లేదు.

గళ్లచొక్కా:
పోస్టర్ మా ఆఫీసులోనూ ఉంది, లిఫ్ట్ పక్కనే. మెట్ల తలుపుకి మాత్రం తాళం.