బయాలజీలో ‘యా’, బయోకెమిస్ట్రీలో ‘యో’: ఏది ఒప్పు?

ప్రశ్న: రెండిట్లోనూ మొదటి భాగం ‘జీవితం’ అనే అర్థమున్న గ్రీకు ‘బియోస్’ కదా. ఒకచోట యా, ఒకచోట యో ఎందుకు రాస్తున్నాం?

జవాబు: రెండూ ఒప్పేనండి. అర్థం కోసం విడదీస్తే బయ్ + ఓ + లజీ. నడిమి ‘ఓ’ గ్రీకు సమాసంలో మూలపదాలను కలిపే అచ్చు, దానికి సొంత అర్థం లేదు. ఇంగ్లీషులో పలికేటప్పుడు విరుపు వేరు: బై-ఆల్-అ-జీ. ‘లజీ’లోని ల్ ముందు అక్షరంలో చేరిపోతుంది. ఊనిక (ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం, ఇంగ్లీషులో ‘స్ట్రెస్’) చివరినుంచి మూడో అక్షరం మీద, అంటే సరిగ్గా ఆ కలిపే అచ్చు మీదే పడుతుంది. ఊనిక పడ్డ ఆ పొట్టి ‘ఒ’ను మనం డాక్టర్, కాలేజీల్లో లాగే ‘ఆ’గా విన్నాం. బయోకెమిస్ట్రీలో ఊనిక ‘కె’ మీద ఉంది కాబట్టి ఓ ఓగానే మిగిలింది.

తెలుగులో మాటకు అర్థం మార్చేది నిడివే గాని ఊనిక కాదు. అందుకే వాళ్ల ఊనిక మన రాతలో దీర్ఘమైంది. ‘బయోలాజికల్’ చూడండి: -ఇక్, -ఇకల్ చేరితే ఊనిక వాటి ముందు అక్షరానికి జరుగుతుంది. ‘యా’లోని దీర్ఘం ‘లా’కు వెళ్లింది! ఎంత నిక్కచ్చిగా విన్నామో.

ప్రశ్న: మరి ‘ఫొటాగ్రఫీ’ అనం కదా?

జవాబు: ఇంగ్లీషులో ఊనిక ‘టా’ మీదే. కానీ ‘ఫోటో’ విడిమాటగా మనకు అలవాటైంది, ఆ రూపాన్ని చెడగొట్టుకోలేదని నా అభిప్రాయం. థర్మామీటర్‌లో దీర్ఘం వచ్చి కిలోమీటర్‌లో ‘కిలో’ నిలవడమూ అలాంటిదే. ‘థర్మో’ను విడిగా ఎవరూ వాడరు.

ఇంకొకరు: ఇక్కడే ఒక చిక్కుంది. తెలుగులో అన్నీ ‘ఆలజీ’లే కనుక ఇంగ్లీషు స్పెల్లింగులో అన్నిటికీ ఓ పెట్టేస్తారు. జీనియాలజీ, మినరాలజీల్లో లజీకి ముందుండాల్సింది ‘ఏ’. మొదటిదాంట్లో అది ‘వంశం’ అనే అర్థమున్న గ్రీకు ‘గెనెఆ’ చివరి అచ్చు, రెండోదాంట్లో ‘మినరల్’లోనిది. కలిపే ఓకు అక్కడ పనిలేదు.

మరొకరు: అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వస్తే ఆ ఓ లోపిస్తుంది, మన ఉత్వసంధిలో ఉకారంలాగే: గ్యాస్ట్రో + ఐటిస్ = గ్యాస్ట్రైటిస్. వచ్చేది మరో మూలపదమైతే వైద్యపదాల్లో సాధారణంగా అచ్చు ముందు కూడా నిలుస్తుంది: గ్యాస్ట్రోఎంటరైటిస్. గ్యాస్ట్రోఎంటరాలజీలో ఆ కలిపే అచ్చు రెండుసార్లుంది: ఊనిక లేనిచోట ఓ, ఊనిక ఉన్నచోట ఆ.