నాన్న పోయి రెండేళ్లు, దుఃఖం మళ్లీ తిరగబెట్టింది: పదిహేనేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి?

మేనత్త:
మా అన్నయ్య పోయి రెండేళ్లు. మేనకోడలు తేరుకుందనే అనుకున్నాం. మొన్న స్కూలు ఫారం నింపుతూ తండ్రి ఫోను నంబరు రాసే గడి దగ్గర ఆగిపోయింది. అప్పటినుంచీ గది తలుపు వేసుకుంటోంది. "మళ్లీ మొదటికొచ్చానా అత్తా?" అని అడుగుతోంది. ఏమని చెప్పను?

హైస్కూలు టీచరు:
మొదటికి రాలేదండి. పదమూడేళ్లప్పుడు తనకు లేకుండా పోయింది సాయంత్రం ఇంటికొచ్చే నాన్న. ఇప్పుడు లేనిది, ఏ కోర్సులో చేరాలో అడగాల్సిన నాన్న. వయసు పెరిగేకొద్దీ అదే లోటు కొత్తగా తెలిసొస్తుంది. తనకు ఈ మాటే చెప్పండి. పుట్టినరోజు, ఫలితాల రోజు, పోయిన తేదీ ముందే తెలిసినవే కాబట్టి ఆ రోజు ఎలా గడపాలో తననే అడగండి. ఏమీ వద్దంటే మానేయండి.

కొత్త సభ్యుడు:
దుఃఖానికి అయిదు దశలంటారు కదా, ఇంకా చివరిది, అంటే జరిగినదాన్ని ఒప్పుకోవడం, రాలేదేమో?

కౌన్సెలర్:
ఆ లెక్క పిల్లల మీద రుద్దకండి, దయచేసి. 1969లో కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశలను చెప్పింది మరణానికి చేరువైన రోగులను చూసి. స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పినది టీనేజీ పిల్లలకు బాగా నప్పుతుంది: మనిషి కాసేపు దుఃఖంలో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ ఇటు వస్తాడు. మధ్యాహ్నం స్నేహితులతో నవ్వి రాత్రి ఏడిస్తే అందులో ఏదీ నటన కాదు.
అయితే ఆరు నెలలు దాటాక కూడా దాదాపు రోజూ అదే తీవ్రతతో ఉండి, చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటుంటే నిపుణులకు చూపించాలి. చనిపోవాలని ఉందన్నా, ఒంటికి గాయాలు చేసుకుంటున్నా ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

అమ్మ లేని అబ్బాయి:
నా పద్నాలుగో ఏట అమ్మ పోయింది. "ఇక నువ్వే ధైర్యంగా ఉండాలి" అన్న ప్రతివాళ్ల మీదా ఒళ్లు మండేది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు పెగిలేది కాదు. బాబాయితో నడుస్తున్నప్పుడు మాత్రం మాటలు వాటంతటవే వచ్చేవి. ఆయన అమ్మ పేరెత్తడానికి జంకేవాడు కాదు, అమ్మ కోపం గురించి కూడా చెప్పేవాడు.

మేనత్త:
మేమైతే అన్నయ్య మాటే ఎత్తడం లేదు, గుర్తుచేసినట్లవుతుందని. తను మాత్రం ఫోనులో ఆయన వాయిస్ మెసేజీలు వింటూ ఉంటుంది. ఆపమనాలా?

అమ్మ లేని అబ్బాయి:
వద్దండి. తనను అడిగి వాటిని ఇంకోచోట కూడా దాచిపెట్టండి, ఫోను పాడైతే పోతాయి.